అడ్డం ఆటలు కాదు, ఆ 500

డిసెంబరు దగ్గరపడేసరికి క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఓ సందేశం తిరగడం మొదలవుతుంది. యూత్ మీటింగుల్లో ఆటలు, పిక్నిక్‌లు పెట్టడమంటే లోకాన్ని మందిరంలోకి తేవడమేనట. తొలి క్రైస్తవుల ఆదిమ సంఘంలో ఇవేవీ లేవట, బైబిలు వాక్యం చాలట. ఆటల కోసం వచ్చినవాడు ఆటలు ఆగగానే పోతాడట. ఈసారి మా గ్రూపులోకి నాలుగుసార్లు వచ్చింది. కింద ఆమేన్‌లు కూడా బాగానే పడ్డాయి. కొన్నేళ్లు యూత్ బాధ్యత చూసినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నా.

ముందు ఆదిమ సంఘం సంగతి. అపొస్తలుల కార్యములు 2:46 తీయండి. వాళ్లు దేవాలయంలో కూడుకున్నారు, ఇంటింటా కలిసి ఆనందంగా భోంచేశారు కూడా. రక్షణ పొందేవాళ్లు రోజురోజుకూ చేరుతున్నారన్నది ఆ పక్క వచనమే. సుంకం వసూలు చేసే లేవీ అయితే యేసు పిలుపు అందగానే ఇంట్లో పెద్ద విందు పెట్టి తోటి సుంకరులను పిలిచాడు. దానికి సణిగింది ఆనాటి మతపెద్దలు, పరిసయ్యులూ శాస్త్రులూ అని లూకా 5:30లో ఉంది. మ్యూజికల్ చైర్స్ ఆడారా అంటే, లేదు. మైకులూ కీబోర్డులూ కూడా లేవు మరి.

వాక్యం చాలదని మేమెవరం అన్నాం? కాకపోతే త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడింది ఓ యవ్వనస్థుడే, ఐతుకు. పౌలు కిందికి దిగి వాణ్ని కౌగిలించుకున్నాడు. ఈ కాలం పిల్లలింతే అనలేదు.

ఆటలు లోకానివి అంటారా, మన ఊళ్లలో సాయంత్రం నెట్ కట్టి ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలో ఓ వై.ఎం.సి.ఎ.లో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో పుట్టింది. బాస్కెట్‌బాల్ 1891లో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో పుట్టింది. దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ క్రైస్తవ వేదాంతం చదువుకున్నవాడు.

ఆటలకు వచ్చినవాడు పోతాడన్న మాటలో మాత్రం కొంత నిజముంది. పోతాడు, ఎవరూ పట్టించుకోకపోతే. శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఓ అబ్బాయి మా మందిరంలో చెప్పులు విడిచే చోట, చివరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. చివరి ప్రార్థనకు ఆమేన్ పడేలోపే వెళ్లిపోయేవాడు. మొదటి వారం "కొత్తవాళ్లు లేచి పేరు చెప్పండి" అని మైకు పట్టుకెళ్లి ముందు పెట్టాం. ఆ భయమే కావచ్చు. మూడు నెలల్లో అతని గురించి మాకు తెలిసింది ఆ పేరొక్కటే. తర్వాత ఓ శనివారం డాబా మీద బైబిలు పేర్లతో డమ్ షరాడ్స్, అదే మాటల్లేకుండా నటించి చూపే ఆట, ఆడాం. గాడిదతో మాట్లాడే బిలామును అతను చేసి చూపిస్తుంటే మా పాస్టర్ గారికి నవ్వాగలేదు. భోజనాల దగ్గర ఎవరో సాంబారు బకెట్టూ గరిటే అతని చేతికిచ్చి "తమ్ముడూ, ఆ వరుస నువ్వు చూసుకో" అన్నారు. మరుసటి ఆదివారం మూడో వరుసలో కూర్చున్నాడు. నన్నడిగితే అతన్ని నిలబెట్టింది ఆట కాదు, ఆ గరిటె. కానీ ఆట లేనిదే గరిటె దాకా వచ్చేవాడు కాదు.

తిండీ తిప్పలూ ఇంట్లో చూసుకోమని పౌలు అన్నాడుగా అని 1 కొరింథీయులు 11 చూపిస్తారు. మొత్తం చదవండి. ఉన్నవాళ్లు ముందే తినేస్తుంటే లేనివాడు ఆకలితో మిగిలిపోతున్నాడని ఆయన మందలింపు. ఒకరికోసం ఒకరు ఆగమన్నదీ అక్కడే. ఆ సందేశం రాసినాయన దీని గురించి ఒక్క ముక్క రాసుంటే నేనూ ఆమేన్ పెట్టేవాణ్ని. పోయినేడు క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు వచ్చేవాళ్లు తలా 500 రూపాయలు కట్టాలని మేం పెట్టాం. హాస్టల్ పిల్లలు నలుగురు రాలేదు, పరీక్ష ఉందన్నారు. ఆదివారం సాయంత్రం పరీక్షేంటని ఎవరూ అడగలేదు, నాతో సహా.