బీపీ మాత్ర ఆపితే కరోనా ఆగదు

జ్వరాల కాలం రాగానే ఆ పాత వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది: "కరోనా వైరస్ కణాల్లోకి దూరేది ఏస్2 అనే ప్రొటీన్ గుండా. బీపీ మాత్రలు ఏస్2ను పెంచుతాయి. అవి వాడేవాళ్లకు జబ్బు ముదురుతుంది. జ్వరం తగిలితే ముందు బీపీ మాత్ర ఆపేయండి."

ఇది నమ్మి మా పెద్దమ్మ వారం పాటు టెల్మిసార్టాన్ మానేసింది. నేను వెళ్లేసరికి తల పట్టుకుని కూర్చుంది. బీపీ చూస్తే 190/110. మందుల డబ్బాలో షీటు చిరగకుండా అలాగే ఉంది. అడిగితే, "గ్రూపులో డాక్టరే పెట్టాడంటరా" అంది. ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను.

మెసేజ్‌లో మొదటి మాట నిజం. వైరస్ ఒంటి మీది ముల్లు లాంటి ప్రొటీన్, అంటే స్పైక్, ఏస్2నే పట్టుకుంటుంది. ఆ తర్వాత టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 లాంటి మన ఎంజైమే ఆ స్పైక్‌ను కోస్తుంది, అప్పుడు దారి తెరుచుకుంటుంది. 2003లోనే దీని దగ్గరి చుట్టమైన సార్స్ వైరస్‌కూ ఏస్2యే ద్వారమని తేలింది.

రెండో మాట దగ్గరే తప్పు మొదలైంది. అన్ని బీపీ మాత్రలనూ ఒకే గాట కట్టేశారు. అసలు అనుమానం వచ్చింది రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి 'ప్రిల్' మందుల మీద, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి 'సార్టాన్'ల మీద. ఇంకో రకం బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌కు దీంతో సంబంధమే లేదు, అయినా భయపడి అదీ మానేసినవాళ్లున్నారు. ఇక ఏస్2 పెరుగుతుందన్న ఆధారం ప్రధానంగా ఎలుకల్లో దొరికింది. 2005 నాటి ఒక ప్రయోగంలో లిసినోప్రిల్, లోసార్టాన్ ఇచ్చిన ఎలుకల గుండెలో అది కనిపించింది. ఎలుక గుండెలో కనబడింది మనిషి ఊపిరితిత్తుల్లోనూ జరుగుతుందని చెప్పడానికి లేదు.

పేర్లు కలవడం వల్ల కూడా గందరగోళం పుట్టింది. ఏస్ అనేది ఒంట్లోని వేరే ఎంజైమ్. అది చేసే పని యాంజియోటెన్సిన్2 అనే హార్మోన్‌ను తయారుచేయడం, దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఏస్2 దాన్నే విరగ్గొట్టి ఆ బిగువు సడలిస్తుంది. 'ప్రిల్' మందులు ఆపేది ఏస్‌ను, ఏస్2ను కాదు.

"జబ్బు ముదురుతుంది" అన్నది 2020 మార్చిలో కొందరు పరిశోధకులు వైద్యపత్రికకు ఉత్తరంగా రాసిన అనుమానం. అనుమానపడటం తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి జవాబు కూడా వచ్చింది. ఇటలీలోని లొంబార్డీలో 6,272 మంది కోవిడ్ రోగులను 30,759 మంది ఇతరులతో పోల్చి చూస్తే 'ప్రిల్', 'సార్టాన్' మందులకూ కోవిడ్‌కూ లంకె కనబడలేదు. బ్రెజిల్‌లో ఇంకా గట్టిగా పరీక్షించారు. ఈ మందులు వాడుతూ కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన 659 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు 30 రోజులు మందు ఆపారు, రెండో జట్టుకు కొనసాగించారు. బతికి, ఆసుపత్రి బయట గడిపిన రోజులు సగటున ఆపినవాళ్లకు 21.9, కొనసాగించినవాళ్లకు 22.9. ఆపినందువల్ల లాభమేమీ లేదు.

ఐసీయూలో ఉన్నవాళ్లకు ఈ మందులు కొత్తగా మొదలుపెట్టడం వేరే సంగతి. అది మేలు చేయలేదు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న మాత్రను ఇంట్లో ఆపడానికి దాన్ని సాక్ష్యంగా చూపకండి. వాంతులు, విరేచనాలతో నీరసించి బీపీ పడిపోయినా, కిడ్నీ మీద ఒత్తిడి పడినా, పొటాషియం పెరిగినా డాక్టరే కొన్నాళ్లు ఆపిస్తారు, అదీ బీపీ కొలిచి, రక్తపరీక్ష చూసి.