అన్‌లిమిటెడ్ గారికి ఒక పరిమిత లేఖ

మహారాజశ్రీ అన్‌లిమిటెడ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే. ఇక్కడ ఫోను తెరమీద చక్రం తిరుగుతోంది. తమ పేరు చూసి కొన్న ప్లానులో మధ్యాహ్నం మూడింటికే రోజు డేటా కోటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. మళ్లీ తమ దర్శనం అర్ధరాత్రి పన్నెండుకట.

కొలత లేదని చెప్పే ఈ కొలువులో తమకంటే ముందే మాటలున్నాయి. అవతలి ఒడ్డు లేనిది అపారం. తుద లేనిది అనంతం. ఏ కొలతకూ అందనిది అప్రమేయం. విష్ణు సహస్రనామాల్లో ఒకటది, అల్లాటప్పా పేరు కాదు. కొలిచేవాటికి గిద్ద, సోల, తవ్వ, మానిక వేరే ఉండేవి. ఏ కొట్టువాడూ సోలెడు గింజలు పోసి ‘ఇదిగో అపారం’ అనలేదు.

తమరన్నారు. రోజుకు 1.5 జీబీ పోసి.

కోటా అయినా ఆగదు కదా, 64 కేబీపీఎస్ వేగంతో వస్తూనే ఉంటుంది కదా అని తమ వాదన. సరే, లెక్క చూద్దాం. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 8 కిలోబైట్లు. 5 ఎంబీ ఫొటో దిగాలంటే పది నిమిషాల పైమాటే. సెకనుకు 3 మెగాబిట్లు తినే వీడియో అయితే ఒక్క సెకను బొమ్మకు 47 సెకన్ల పడిగాపులు. చాలా యాప్‌లు అంతసేపు ఆగవు, గడువు దాటిందని చేతులెత్తేస్తాయి. పోనీ అన్నీ ఓపికగా ఆగాయే అనుకుందాం. రోజుకు ఉన్నవి 86,400 సెకన్లు. రాత్రింబవళ్లు రెప్ప వేయకుండా దించుకున్నా 692 ఎంబీ నిండదు. కొలిచి ఇచ్చినదాంట్లో సగం కూడా లేదండీ, తమ కొలత లేనిది!

ఎస్సెమ్మెస్సులు రోజుకు వంద. నెలంటే 28 రోజులు, అందుకే ఏడాదికి పదమూడు రీచార్జులు. అమ్మే కంపెనీ పేరు చివర మాత్రం ‘లిమిటెడ్’ అని నిజాయతీగా రాసుంటుంది. వాటాదారుల బాధ్యత ఇంతవరకేనని చట్టం రాయించిన మాట అది.

భోజన హోటల్ బోర్డుమీద తమరుంటే మాత్రం అంత కోపం రాదు. వేపుడు రెండోసారి అడిగితే సర్వరుకు చెవుడొస్తుంది, నిజమే. కానీ మూడో వాయి అన్నాన్ని మెతుకు మెతుకుగా అయితే వడ్డించడు.

ఇక మర్యాద చాలు. ‘రోజుకు 1.5 జీబీ, ఆపైన నత్తనడక’ అని పెద్దక్షరాల్లో రాస్తే ఎవడు కొననన్నాడు? పాలు లీటరని రాసి లీటరే పోస్తే కొనట్లేదా? చుక్క గుర్తు (*) వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకు నక్కుతావు? సిగ్గులేదూ?

ఈ ఉత్తరం ఉత్త అక్షరాలే, ఎనిమిది కిలోబైట్ల లోపే. నీ వేగంలోనూ సెకనులో చేరుతుంది. తిరిగే చక్రం ఫొటో కూడా జత చేద్దామనుకున్నాం, అది అర్ధరాత్రి దాటాక పంపుతాం.