"పెద్దావిడ రాత్రి ఒక గ్లాసు పుచ్చుకుంటే ఏం కాదు" అనే ఫార్వర్డ్‌కి జవాబు

ఈ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: పెద్దవయసు ఆడవాళ్ళు పడుకునే ముందు ఒక గ్లాసు వైన్ తాగితే గుండెకి మంచిది, హాయిగా నిద్ర పడుతుంది, అరవై దాటాక కొత్తగా ఎవరూ తాగుడుకి అలవాటు పడరు, పడినా ఇంట్లోవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, తెలిసినా ఈ వయసులో మాన్పించి ఏం సాధిస్తారు. కింద రెండు గులాబీలు, ఒక దణ్ణం.

వరసలో కాదు గానీ, అన్నిటికంటే డేంజర్ ముక్కతో మొదలెడతా.

"ఇట్టే తెలిసిపోతుంది." తెలీదండీ. తాగుడు అనగానే మనం వెతికేది తూలడం, గొడవలు, ఉద్యోగం ఊడటం, బండి నడుపుతూ పోలీసులకి దొరకడం. రిటైరై ఇంట్లో ఒక్కతే ఉండే డెబ్బై ఏళ్ళ ఆవిడకి ఇవేవీ జరిగే చాన్సే లేదు కదా. ఆవిడలో కనబడేవి వేరే ఉంటాయి: మోచేతి మీదో తుంటి మీదో ఎలా తగిలిందో చెప్పలేని కమిలిన మచ్చలు, మంచం దిగుతూ పడటం, తిండి తగ్గడం, దిగులు, రాత్రి ఫోన్లో అరగంట మాట్లాడి పొద్దునకి అసలు మాట్లాడినట్టే గుర్తు లేకపోవడం, మందులు పెంచినా బీపీ దిగకపోవడం. వీటిలో ప్రతిదానికీ మన దగ్గర రెడీగా ఒక జవాబుంది, "వయసు కదా" అని. నిజంగా వయసే కావచ్చు కూడా, కానీ అడగకుండా ఎలా తెలుస్తుంది? డాక్టర్లు కూడా కుర్రాడిని అడిగినంత తేలిగ్గా అమ్మమ్మ వయసావిడని మందు అలవాటుందా అని అడగరు, ఏమనుకుంటుందో అని మొహమాటం, ఆవిడేమో సిగ్గుతో తనంతట తాను చెప్పదు, ఇంక బయటపడేదెక్కడ.

అడగడానికి పద్ధతి లేక కాదు. పెద్దవాళ్ళ కోసమే తయారు చేసిన స్మాస్ట్-జీ అని పది ప్రశ్నల చిన్న స్క్రీనింగ్ ఉంది. అందులో "తాగి గొడవ పడ్డారా" టైపు ఉండవు, ఒంటరిగా అనిపించినప్పుడు తాగితే ఊరటగా ఉంటుందా, అయినవాళ్ళు పోయాక తాగడం పెరిగిందా, తాగాక ఆకలి లేక భోజనం మానేశారా, ఇలా ఉంటాయి. రెండిటికి అవును వస్తే ఇంకొంచెం లోతుగా చూడాల్సిందే. నాకు ఈ ప్రశ్నలే నచ్చుతాయి, నేరం చేసినట్టు నిలదీయవు, ఆవిడ బతుకు గురించి అడుగుతాయి.

తర్వాతది "అరవై దాటాక కొత్తగా అలవాటు కాదు". ఇది శుద్ధ తప్పు. పెద్దవయసులో తాగుడు సమస్య ఉన్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి అది మొదలయ్యేదే లేటు వయసులో. భర్త పోవడం, రిటైర్మెంటు, మంచాన పడ్డవాళ్ళకి చాకిరీ, తగ్గని నొప్పులు, నిద్ర రాకపోవడం, వీటిలో ఏదో ఒకటి వెనకాల ఉంటుంది. పైగా ఆడవాళ్ళలో మొదటి గ్లాసు నుంచి మానలేని స్థితికి చేరడం మగవాళ్ళకంటే త్వరగా జరగొచ్చు.

"ఒక గ్లాసే కదా" అంటారా, ఏ గ్లాసు? అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాలు, 12 శాతం వైన్ అయితే 150 మిల్లీలీటర్లు. ఇంట్లో పెద్ద గ్లాసు నిండుగా పోసుకుంటే 250 ఈజీగా పడుతుంది, అంటే ఒకటిన్నర దాటిపోయింది, ఆవిడ మాత్రం నిజాయితీగానే "ఒక్క గ్లాసే" అంటుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ, వయసుతో అది ఇంకా తగ్గుతుంది, కాబట్టి నలభైల్లో తాగిన కొలతే డెబ్బైల్లో రక్తంలో ఎక్కువ చిక్కగా చేరుతుంది. దీనికి మాత్రలు కలపండి. నిద్రమాత్రో ఆందోళనకిచ్చే మాత్రో అయితే మత్తు రెట్టింపై ఊపిరి మందగిస్తుంది, షుగర్ మందులైతే కొన్నిటితో షుగర్ బాగా పడిపోవచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అయితే రక్తస్రావం భయం. బీపీ మాత్ర వేసుకుని, పైన గ్లాసు తాగి, అర్ధరాత్రి బాత్రూంకని గబుక్కున లేస్తే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి, ఎముకలు అప్పటికే గుల్లబారి ఉంటాయి. తుంటి విరిగిన కేసు షీట్లో "జారిపడింది" అని ఉంటుంది, అంతే.

నిద్ర సంగతి: తొందరగా పట్టే మాట నిజమే, కానీ రెండో సగం చెడుతుంది, మూడింటికి మెలకువ వచ్చి కూర్చుంటారు, మర్నాడు నిద్ర కోసం ఇంకొంచెం పోసుకుంటారు.

గుండెకి మంచిదన్న పాత స్టడీల్లో పెద్ద లొసుగుంది, "తాగనివాళ్ళ" లిస్టులో జబ్బు చేసి మానేసినవాళ్ళని కూడా కలిపేశారు, దాంతో కొంచెం తాగేవాళ్ళు ఆరోగ్యంగా కనబడ్డారు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని 1988లోనే తేల్చారు, రొమ్ము క్యాన్సర్ రిస్కు తక్కువ మోతాదుతో కూడా పెరుగుతుంది, సేఫ్ మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసింది.

ఇక "ఈ వయసులో మాన్పించి ఏం లాభం". ట్రీట్మెంటుకి పెద్దవాళ్ళు కుర్రవాళ్ళకేం తీసిపోరు, చాలాసార్లు వాళ్ళకంటే బాగానే నిలబడతారు కూడా. తగ్గించినా పడటం తగ్గుతుంది, బుర్ర తేటపడుతుంది. ఒక్కటి మాత్రం, ఇది చదివి ఆవేశపడి సీసాలు సింకులో పారబోయకండి. రోజూ బాగా తాగేవాళ్ళు సడన్‌గా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి ఉన్నట్టు కనబడటం దాకా వెళ్ళొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఎంత తాగుతున్నారో, ఏ మందులు వాడుతున్నారో రెండూ డాక్టరుకి చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.