35 బై 45లో పౌరుడు

ప్రతీకాత్మక ఛాయాచిత్రకారులకు పెద్ద కష్టమొచ్చిపడింది. రాజ్యం చేతిలో వ్యక్తి నలిగిపోతున్నాడని చూపించడానికి ప్రతీకలు నిండుకున్నాయి. నోటికి ప్లాస్టర్, నుదుట బార్‌కోడ్, చేతులకు గొలుసు, అన్నీ అరిగిపోయాయి. వరంగల్ వాళ్లకు మిగిలిన దిక్కు కోటలోని కాకతీయ తోరణం. తలుపు లేదు, గోడ లేదు, అయినా ద్వారమే. పైగా రాష్ట్ర చిహ్నమెక్కింది.

పద్ధతి తేలికే. వైడ్ లెన్స్‌తో నేల మట్టం నుంచి తీస్తే కింద నిలబడ్డోడు చీమంత అవుతాడు. తిరిగే జనం మసకబారి అతనొక్కడే స్పష్టంగా నిలవాలంటే సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, లెన్స్ రంధ్రం ఎఫ్/16, లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. నిండు ఎండలో షట్టర్ తెరిచి ఉండే సమయం అర సెకను దాటుతుంది. అంతసేపు చేతిలో కెమెరా కదలకుండా ఉండదు, ట్రైపాడ్ కావాలి. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తులో ‘రాజ్యం అదుపును ప్రశ్నించుటకు’ అని రాయాలా వద్దా అన్నది కళాకారుడి అంతరాత్మకే వదిలేద్దాం.

ఆ తిప్పలెందుకు? హన్మకొండ చౌరస్తాకు పోయి పాస్‌పోర్ట్ సైజు ఫొటో దిగండి. 1880లలో పారిస్ పోలీసు శాఖలో ఆల్ఫోన్స్ బెర్టియాన్ నేరస్తులకు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయించే పద్ధతి పెట్టాడు. మనం ఏ నేరమూ చేయలేదు కాబట్టి రెండోది మాఫీ.

వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45. తెల్ల తెరకు ఆనుకుంటే చెవి వెనక నీడ పడి ఫొటో తిరిగొస్తుంది. పౌరుడికి నీడ ఉండరాదు. మూడడుగులు ముందుకు జరిగి, చెరో పక్క 45 డిగ్రీలకు లైట్లు పెట్టించండి. తెల్ల చొక్కా తెరలో కలిసిపోయి తలకాయొక్కటే మిగులుతుంది. ప్రభుత్వానికి కావలసింది అంతే అనుకోండి, అయినా రంగు చొక్కా మేలు. నవ్వితే మళ్లీ దిగాలె. 4 బై 6 అంగుళాల కాగితం మీద ఎనిమిది మంది మీరే వస్తారు, ఒక్కడూ ఎదురు మాట్లాడడు.

బ్యాంకు కొలువుల ఫారానికి 200 బై 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. ముందు కొలత తగ్గించి, తర్వాత నాణ్యత దించాలి. కొలత ముట్టుకోకుండా నాణ్యతే దించుకుంటూ పోతే ముఖం గడులు గడులుగా పగులుతుంది. గ్యాలరీ వాళ్లు దీన్నే కావాలని చేసి ‘విచ్ఛిన్న అస్తిత్వం’ అని బోర్డు పెడతారు.

ప్రింటు మాత్రం మ్యాట్ కాగితం మీదే అడగండి. గెజిటెడ్ సంతకం అడిగే ఫారమైతే సారు ఆకుపచ్చ సంతకం సగం మీ మెడ మీద, సగం ఫారం మీద పడాలి. మెరిసే గ్లాసీ కాగితమైతే ఇంకు అలుక్కుపోయి రెండో ఫొటో అంటించాల్సి వస్తుంది.