టు-లెట్ బోర్డు మీద పార్టీ పేరు కూడా రాయాలి

హైదరాబాదులో గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద అన్నీ రాస్తారు. బోరు ఉందా, మంజీరా వస్తుందా, వెజ్ వాళ్లకేనా, బ్యాచిలర్లు పనికిరారా. ఆ ఇల్లు ఏ పార్టీ ఇలాకాలో ఉందో మాత్రం రాయరు. అద్దెదారుడికి ఇది ఘోర అన్యాయం. మనిషి అభిప్రాయం మార్చడం ఏ పార్టీ వల్లా కాదు గానీ, ఇల్లు మార్చడానికి ఒక టాటా ఏస్, ఇద్దరు హమాలీలు చాలు.

అతిశయోక్తి అనుకునేవారు 2023 అసెంబ్లీ ఎన్నికల లెక్క తీయండి. రాష్ట్రం 64 సీట్లిచ్చి కాంగ్రెస్‌ను గద్దెనెక్కిస్తే, హైదరాబాదు జిల్లాలోని 15 సీట్లలో దానికి దక్కింది గుండుసున్నా. కారు గుర్తు బీఆర్ఎస్‌కు 7, మజ్లిస్‌కు 7, గోషామహల్ కమలానికి. అదే ఎన్నికలో రాష్ట్రం మొత్తమ్మీద బీజేపీకి సుమారు 14 శాతం ఓట్లు, 8 సీట్లు. మజ్లిస్‌కు రెండు శాతం పైచిలుకు ఓట్లు, 7 సీట్లు. ఎకరాలకెకరాలు పల్చగా వెదజల్లిన ఓటు మొలవదన్నమాట. పాతబస్తీలోలా నారుమడి పోసినట్టు ఒత్తుగా పడాలి. దీన్ని టీవీ పండితులు 'ప్రాంతీయ మనోభావం' అంటారు. రైతులైతే విత్తన మోతాదు అంటారు.

ఉమ్మడి ఖమ్మం జిల్లా కథ వేరు. 2014లో గులాబీకి, అంటే అదే కారు పార్టీకి, అక్కడ పదిలో ఒక్కటే సీటు, కొత్తగూడెం. 2018లోనూ ఒక్కటే, ఖమ్మం. 2023లోనూ ఒక్కటే, ఈసారి భద్రాచలం. జిల్లా మాట తప్పలేదు, సీటు మాత్రం వంతులవారీగా తిప్పింది. ఆంధ్ర సరిహద్దు, సాయుధ పోరాటం నాటి ఎర్రజెండా, సింగరేణి గనులు అంటూ కారణాలు చెబుతారు. నిజామాబాద్‌లోనైతే కారణం పసుపు పంటే. 2019లో గిట్టుబాటు ధర కోసం రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది మిగిలారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు పదహారు పేర్లే పడతాయి కాబట్టి ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు బల్లల మీద పరిచారు. అలాంటిచోట ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు క్వింటాలు ధర కూడా బోర్డు మీద రాయాలేమో.

అడ్వాన్సు ఇచ్చేముందు మీరే చూసుకోవచ్చు. ఎన్నికల సంఘం పెట్టే ఫారం-20లో ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. ఓటరు జాబితాలో ఇంటి నంబరు వెతికి, భాగం నంబరు పట్టుకుని, ఫారం-20లో ఆ నంబరు వరస చదవాలి. తిప్పలు ఇక్కడే మొదలు. వీధి ఒకటే అయినా ఎడమ వరసది ఒక భాగం, కుడి వరసది మరొకటి కావచ్చు. పైగా జాబితాలో పేర్లున్న కుటుంబాలు ఎప్పుడో మియాపూర్ వెళ్లిపోయి ఉంటాయి. చిరునామా మార్పుకు ఫారం-8 ఉందిగానీ, గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నంత శ్రద్ధగా దాన్ని ఎవరు నింపుతారు? 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగ్ పెడితే విజయవాడ హైవే సంక్రాంతిని తలపించింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ యాభై శాతం కూడా దాటలేదు. అంటే మనం 'నగరం తీర్పు' అంటున్నది నగరంలో మిగిలినవాళ్లలో, ఆ రోజు నిద్రలేచినవాళ్ల తీర్పు.

నా ప్రతిపాదనకు అసలు గండి సికింద్రాబాద్‌లో పడింది. ఆ లోక్‌సభ స్థానం కింది ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో 2023 నవంబరులో ఆరు కారుకు, నాంపల్లి మజ్లిస్‌కు వెళ్లాయి. ఆరు నెలలు తిరక్కుండా అవే గల్లీలు బీజేపీ ఎంపీని పంపాయి. ఆ ఆరింట్లో ఒకటైన జూబ్లీహిల్స్ 2025 నవంబరు ఉప ఎన్నికలో కాంగ్రెస్‌ను గెలిపించింది. నేల మారలేదు, నీళ్లూ అవే మంజీరా నీళ్లు. కాబట్టి పెయింటు వద్దు, పలకా బలపం వాడండి. నమూనా బోర్డు ఇదీ:

"టు-లెట్. డబుల్ బెడ్‌రూమ్, రెండో అంతస్తు, బోరు ప్లస్ మంజీరా. అసెంబ్లీకి కారు, ఉప ఎన్నికకు చెయ్యి, పార్లమెంటుకు కమలం. కార్పొరేషన్ సంగతి వాచ్‌మన్‌ను అడగండి. ఓనరు ఓటు ఊళ్లో ఉంది."