కారప్పొడి దేనికని అడిగితే

విదేశయాత్రకు బయల్దేరే తెలుగు కుటుంబానికి వీసా కన్నా ముందు సలహాలు వస్తాయి. టికెట్లు కొన్నారన్న కబురు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పొక్కితే చాలు, మూడో అంతస్తులోని విశ్రాంత ఇంజనీరు గారు మణికట్టు పట్టుకున్నవాడిని మెలితిప్పి పడగొట్టే వీడియో పంపుతారు. ఎదురింటి పిన్నిగారు చేతిసంచిలో పడేసుకోమని గుంటూరు కారం పొట్లం కట్టిస్తారు. అమెరికాలో ఉన్న మేనల్లుడు అర్ధరాత్రి ఫోను చేసి పెప్పర్ స్ప్రే లేకుండా గడప దాటవద్దంటాడు. వెళ్లేది లండన్‌కా, లంకకా అని మాత్రం ఎవరూ అడగరు. ఇంత సైనిక సంపత్తి చేతికొచ్చాక దాని బాగోగులు విచారించకుండా ఊరుకోవడం బాధ్యతారాహిత్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదట పెప్పర్ స్ప్రే. ఈ విషయంలో మేనల్లుడిని తప్పుపట్టలేం. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఏవో కొన్ని షరతులతో అది చెల్లుతుంది. బ్రిటన్‌లో మాత్రం 1968 నాటి తుపాకుల చట్టం దాన్ని నిషిద్ధ ఆయుధాల పద్దులో చేర్చింది. ఆ పద్దులో దాని ఇరుగుపొరుగు మెషిన్‌గన్లు. చెల్లెలి కూతురి పురిటికని హీత్రూలో దిగిన పెద్దావిడ సంచిలో ఆ చిన్న డబ్బా బయటపడిందంటే, ఆవిడ ఎంత మర్యాదస్తురాలైనా, ఎన్ని సున్నుండలు వెంట తెచ్చినా, చట్టానికి ఆవిడ సాయుధురాలే.

ఇక గుంటూరు కారం. ఇక్కడ కథ వేదాంతంలోకి దిగుతుంది. 1953లో చేసిన మరో బ్రిటిష్ చట్టం ప్రకారం, ఒకరిని గాయపరిచే ఉద్దేశంతో బయట తిరిగేటప్పుడు వెంట ఉంచుకున్న వస్తువు ఏదైనా ఆయుధమే. వస్తువు ముఖ్యం కాదు, మనసులో ఏముందన్నదే ముఖ్యం. భగవద్గీత చదివినవాళ్లకు ఇది కొత్త కాదు గానీ, పోలీసు ఎదురుగా నిలబడి అడిగినప్పుడు గుర్తుకు రావడం కష్టం. “ఈ ఎర్ర పొడి దేనికమ్మా?” అని అతను అడుగుతాడు. మన ఆవిడ నిజాయితీగల మనిషి. “ఎవడైనా మీదికొస్తే కళ్లలో కొట్టడానికి నాయనా” అని చెబుతుంది. ఆ ఒక్క వాక్యంతో వంటదినుసు కాస్తా నేరానికి సాక్ష్యమైంది. అదే పొట్లం పట్టుకుని “మీ దేశంలో కూరలు చప్పగా ఉన్నాయి నాయనా, పైన చల్లుకుందామని” అన్నదనుకోండి, అందులో నేరమూ లేదు, అబద్ధమూ లేదు. చీరకు పెట్టుకున్న పిన్నీసుదీ ఇదే గతి. కుచ్చిళ్లు పట్టి ఉంచినంత సేపూ అది పిన్నీసు. ఎవరికో గుచ్చుదామని పెట్టుకున్నానని ఒప్పుకున్న క్షణం నుంచి ఆయుధం. కనుక ప్రయాణానికి ముందు నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే, అది కళ్లలో కారం కొట్టే విద్య కన్నా కూర చప్పదనం గురించి నాలుగు ముక్కలు మాట్లాడే విద్య.

అక్కడి పోలీసులు ఏ అనుమానమూ లేకుండా చట్టబద్ధమని చెప్పే ఆత్మరక్షణ సాధనం ఒకటుంది. పిన్ను లాగితే కీచుమని మోగే బుల్లి అలారం. డబ్బిచ్చి అరుపు కొనుక్కునే జాతిని చూస్తే జాలి వేయదా? కుళాయి దగ్గర బిందె వరుస తప్పిందని వీధి చివరి దాకా వినిపించిన గొంతులు మనవి. విచిత్రమేమిటంటే విమానం దిగగానే ఆ గొంతులు పూడుకుపోతాయి. ఇంట్లో చెంచా కింద పడితే కేకలు పెట్టే పెద్దమనిషి, పారిస్ మెట్రోలో ఎవడో జేబులో చెయ్యి పెడితే వాడికే “సారీ” చెప్పి పక్కకు జరుగుతాడు. వెనిస్‌లో ఒక స్థానిక మహిళ దొంగలు కనబడ్డ చోటల్లా “అటెన్జియోనే! పిక్‌పాకెట్!” అని గొంతెత్తి, 2023లో ఆ కేకతోనే ప్రపంచమంతా ప్రసిద్ధురాలైంది. ఆమె చేతిలో కారం లేదు, కరాటే లేదు. మన వీధుల్లో ఆమె స్థాయి గాయకులు ఇంటికొకరున్నారు. గుర్తింపు రాలేదంతే.

కరాటే సంగతి కూడా తేల్చేద్దాం. ప్రయాణానికి ముందు పిల్లవాడితో పాటు తండ్రీ క్లాసులో చేరి, కాలు నడుము ఎత్తుకు లేపడం సాధించి, ఇక రోము రానిమ్మంటాడు. రోము వస్తుంది. దొంగా వస్తాడు. కానీ తన్నించుకోవడానికి మాత్రం ఎదురుగా నిలబడడు. టెర్మిని స్టేషను నుంచి వాటికన్ వైపు పోయే 64వ నంబరు బస్సు పోప్ దర్శనానికి ఎంత పేరు పడిందో, జేబులు కొట్టడానికీ అంతే పేరు పడింది. అందులో మన కరాటే తండ్రి ఒక చేత్తో కడ్డీ, మరో చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తూ ఉంటాడు. వెనక జేబులో ఇంత లావు పర్సు. అందులో ఆధార్ కార్డు, మూడు బ్యాంకుల కార్డులు, తిరుమల కుంకుమ పొట్లం, ఎప్పటిదో పెట్రోలు రసీదు, ఆ రోజుకని తీసిన యూరోలు. ఆయన బస్సు దిగి, ఐస్‌క్రీం తిని, బిల్లు చెల్లించబోయే వేళకు దొంగ ఆ కుంకుమ పొట్లం ఏమిటో అర్థంకాక తల గోక్కుంటూ ఉంటాడు. కాలు ఎవరి మీదికి లేపాలి?

ఆ బస్సులో ఆయన భార్యకు ఏమీ కాదు. ఇది అదృష్టం కాదు, శిక్షణ. పదేళ్లు సికింద్రాబాద్ నుంచో, గాజువాక నుంచో సిటీ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లిన ఆడమనిషికి మోచేయి ఏ కోణంలో నిలపాలో, సంచి ఎప్పుడు ముందుకు తిప్పాలో, కారణం లేకుండా దగ్గరికి జరిగినవాడి కాలి మీద మడమ ఎంత బరువుతో వేయాలో ఒకరు చెప్పనక్కరలేదు. మన దేశం ఈ విద్యను ఆడవాళ్లకు ఉచితంగా, నిర్బంధంగా నేర్పుతుంది. ఆ తరువాత విదేశంలో జాగ్రత్తగా ఎలా ఉండాలో ఆవిడకు భర్త ఉపన్యాసం ఇస్తాడు.

ఒంటి బలం మీద పెట్టిన శ్రద్ధ అంతా వృథా అని తేలింది గనుక, నిజంగా ఎక్కడ దొరికిపోతామో చూడాలి. మొహమాటం దగ్గర.

పారిస్‌లో సాక్రే కేర్ చర్చి మెట్ల కింద కొందరు రంగు దారాలు పట్టుకుని నిలబడతారు. చెయ్యి అందుకుని, వేలికో మణికట్టుకో దారం చుట్టి, గబగబా అల్లి ముడి వేసి, ఆపైన డబ్బు అడుగుతారు. తెంపుకోబోతే ముడి ఊడదు. మిగతా దేశాల పర్యాటకులు చెయ్యి వెనక్కి లాక్కోవడానికి కాస్తయినా పెనుగులాడతారు. మనవాళ్లు దారం కనబడగానే కుడిచెయ్యి చాపి, గుప్పిలి మూసి, ఎడమచేత్తో మోచేతిని పట్టుకుని కళ్లు మూసుకుంటారు. గోత్రం చెప్పడం ఒక్కటే తక్కువ. దక్షిణ ఎంత అని కూడా మనమే అడుగుతాం. వాళ్ల వృత్తిజీవితంలో ఇంత సహకారం అందించిన జాతి మరొకటి ఉండదు.

అట్టముక్క మీద కాగితం పెట్టుకుని సంతకం అడిగే అమ్మాయిలు మరో దళం. బధిరుల సహాయార్థం అంటారు. కాగితం కింద మన సంచి ఉంటుంది, సంచిలో వాళ్ల చెయ్యి ఉంటుంది. ఇంటి అప్పు పత్రాల్లో అరవై చోట్ల చదవకుండా సంతకాలు పెట్టినవాళ్లం, ఇంకొక్క సంతకానికి వెనకాడతామా? బ్యాంకాక్‌లో అయితే దొంగతనం కూడా ఉండదు. రాజప్రాసాదం గేటుకు కాస్త దూరంలో చక్కగా దుస్తులు వేసుకున్న ఒకాయన ఎదురై, ఇవాళ ప్రాసాదం మూసేశారని చెబుతాడు. ఏదో పూజ ఉందట. అది మామూలుగా రోజూ ఉదయం 8.30 నుంచే తెరిచి ఉంటుంది. కానీ నైవేద్యానికి తలుపు వేసే గుళ్లలో పెరిగిన మనకు ఆ మాట కన్నా నమ్మదగింది లోకంలో ఇంకోటి లేదు. ఆయనే దయతో చవక టుక్‌టుక్ మాట్లాడి పెడతాడు. అది నేరుగా రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. ఇంత సాయం చేశాడు, ఏమీ కొనకపోతే ఏమనుకుంటాడోనని ఓ ఉంగరం కొంటాం.

బార్సిలోనాలో పైనుంచి పిట్ట రెట్ట వేసినట్టు చొక్కా మీద ఏదో పడుతుంది. పుణ్యాత్ముడెవరో రుమాలు తీసి తుడుస్తాడు. తుడిచాక చొక్కా శుభ్రం, జేబూ శుభ్రం. స్పెయిన్ శిక్షాస్మృతిలో 400 యూరోలకు లోబడిన దొంగతనానికి మామూలుగా జరిమానాయే. మన జేబులో అంతకు మించి ఉంచుకుంటే దొంగకు పెద్ద శిక్ష పడుతుందని కొందరు ధర్మబద్ధులు వాదించవచ్చు. దొరికితే కదా.

బంగారం గురించి చెప్పాలంటే కొంచెం జంకుగా ఉంది, పెళ్లి ఫొటోల కన్నా ఈఫిల్ టవర్ ఫొటోల్లో ఎక్కువ నగలు పెట్టుకునే కుటుంబాలు నొచ్చుకుంటాయి. ఒక్క సంగతి మనవి చేస్తాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో జేబుదొంగల బెడద భరించలేక 2013 ఏప్రిల్‌లో ఉద్యోగులు పని ఆపేస్తే ఆ రోజుకు మ్యూజియమే మూతపడింది. అదే మ్యూజియంలో 2025 అక్టోబరు 19న, పట్టపగలు, బండి మీద బిగించిన నిచ్చెన వేసుకుని కిటికీలోంచి దూరి, కొద్ది నిమిషాల్లో ఫ్రాన్సు రాచనగలు పట్టుకుపోయారు. వాటి విలువ 8.8 కోట్ల యూరోలన్నారు. వాటికి గాజు పెట్టెలున్నాయి, కాపలాదారులున్నారు, ప్రభుత్వం ఉంది. మీ చంద్రహారానికి మీ ఆయన ఉన్నారు. ఆయన వీడియో తీస్తున్నారు.

షెంజెన్ వీసా ఇచ్చే ముందు యూరప్ మన దగ్గర కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతుంది. మన ఒళ్లు ఏమవుతుందోనని వాళ్లకు అంత బెంగ. పర్సు గురించి ఒక్క మాటా అడగరు. అది ఏమవుతుందో వాళ్లకు తెలుసు కాబోలు.

వ్యంగ్యం పక్కన పెట్టి ఒకటి చెప్పాలి. తుపాకీ గానీ కత్తి గానీ చూపించినవాడి దగ్గర పైన చెప్పినవేవీ పనికిరావు, అరుపు కూడా. అడిగింది ఇచ్చేసి, వాడు వెళ్లాక యూరప్‌లో అయితే 112కు ఫోను చేయండి. మన దేశంలోనూ అత్యవసర నంబరు అదే, గుర్తుపెట్టుకోవడానికి తేలిక.

చివరగా నకిలీ పోలీసు. సాదా దుస్తుల్లో వచ్చి, ఏదో కార్డు తళుక్కుమనిపించి, దొంగనోట్ల తనిఖీ అంటూ పర్సు, పాస్‌పోర్టు చూపించమంటాడు. అసలు పోలీసుకు మన పర్సులో నోట్లు లెక్కపెట్టే పని ఉండదు. స్టేషనుకు వెళ్లి అక్కడే చూపిస్తాననడం సరైన జవాబు. కానీ పోలీసు మాట వినబడగానే మనకు వెన్నులో వణుకు, చేతుల్లో వినయం పుడతాయి. హెల్మెట్ లేనందుకు కూడలిలో బతిమాలిన అనుభవమంతా మేల్కొంటుంది. అడిగిన పర్సుతో పాటు అడగని ఫోనూ అందించి, కావాలంటే పిల్లల పాస్‌పోర్టులు కూడా ఉన్నాయంటాం.

పాస్‌పోర్టు పోయాక దారి స్పష్టంగానే ఉంది. అసలు పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించుకుని, ఆ కాగితంతో మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. తిరిగి ఇంటికి రావడానికి మాత్రమే చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అందుకు పోయిన పాస్‌పోర్టు నకలు, ఫొటోలు అడుగుతారు. అవి లేకపోవడమేమిటి, బయల్దేరే ముందే మూడేసి సెట్లు తీయించి, లామినేషన్ కూడా చేయించి, భద్రంగా ఉంటాయని పాస్‌పోర్టు సంచిలోనే పెట్టాం.