అందరూ ఒకేలా మారలేదు

యేసును కలిసినవాళ్ళందరూ ఆ క్షణంలోనే మారిపోయారని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నాకు అలా అనిపించదండీ. యేసును చూడాలని చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య చెట్టు దిగి సంతోషంగా ఆయన్ని ఇంటికి పిలుచుకుపోయాడు, నిజమే. బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీ నీళ్ళ కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళింది. మరి ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నా వెంట రమ్మని యేసు పిలిచిన, ఆస్తి బాగా ఉన్న ఆ యువకుడు? మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. గెరాసేనుల ప్రాంతం వాళ్ళయితే, దయ్యం పట్టినవాడు బాగుపడి ఎదురుగా కూర్చున్నా సరే, ఆ దయ్యాలు దూరిన పందుల మంద నీళ్ళలో పడి చచ్చాక మా ఊరు వదిలి వెళ్ళండి బాబూ అని బతిమాలారు! నాకు ఈ ఘట్టమే ఎక్కువ గుచ్చుకుంటుంది. నష్టం లెక్కేసుకోవడంలో మనం మాత్రం తక్కువా?

మాది ఒంగోలు దగ్గర పల్లె. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి చిన్నప్పటినుంచీ వింటున్నదే. కరువులో గంజి కోసం చేరారని ఎగతాళి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు.

మా నాయనమ్మ మాత్రం చాలా ఏళ్ళు మందిరం బయట, చెప్పుల దగ్గరే కూర్చుని పాటలు వినేదట. లోపలికి ఎప్పుడొచ్చిందో ఆమెకే గుర్తులేదు.